సారె తిరిగిన దారి: భారతీయ మృణ్మయ కళ, నాడు నేడు

(ప్రసంగ పాఠం)

దేశచరిత్రను శాసనాలనుండి, నాణేలనుండి, తాళపత్రాలనుండి నిర్మించుకొనడం విద్వాంసుల పరిపాటి. ఆ మూడింటికంటె పురాతనమైనది, వాటన్నిటికంటె సమృద్ధిగా దొరికేది కుండపెంకు. లోహాన్ని కరగించి మరొక వస్తువు పోసుకొంటారు, కొయ్య చెదలపాలవుతుంది, వస్త్రం జీర్ణిస్తుంది. ఒకసారి బాగా కాలిన మట్టి పగిలినా పెంకుగా మిగులుతుంది. అందుచేతనే పురావస్తు పరిశోధకుడు తవ్వకంలో దొరికిన పెంకులను ఏరి, కడిగి, రంగునుబట్టి, అంచునుబట్టి వేరుచేస్తాడు. కాలనిర్ణయంలో అతనికి అవి పంచాంగం వంటివి.

భారతదేశపు మృణ్మయ కళను గురించి చెప్పుకొనేటప్పుడు రెండు సంగతులు ముఖ్యంగా పరిశీలించవలసి ఉన్నవి. ఈ విద్య ప్రాంతాల, మతాల, భాషల హద్దులు దాటి ఎట్లా ప్రయాణం చేసిందన్నది మొదటిది. దేశంలో పింగాణి పరిశ్రమ ఇంతగా పెరిగినా ఆ పెరుగుదల సారె తిరిగే ఇంటికి ఎందుకు చేరలేదన్నది రెండవది. మొదటిది వినడానికి ఇంపుగా ఉంటుంది. రెండవది అంత ఇంపైనది కాదు.

ఉపఖండంలో మట్టిపాత్రల చరిత్ర హరప్పాకు చాలా ముందే మొదలయింది. నేటి పాకిస్తాన్‌లోని బలూచిస్తాన్ ప్రాంతంలో మెహర్‌గఢ్ వద్ద, వ్యవసాయం ఆరంభమైన తరువాత కొంతకాలానికి, క్రీ.పూ. 6వ సహస్రాబ్దిలో మట్టిపాత్రలు కనిపిస్తున్నవి. సింధు నాగరికత పరిణతి పొందేనాటికి కుమ్మరి చేతికి వేగంగా తిరిగే సారె వచ్చింది. ఎర్రని పాత్రపై నల్లని రంగుతో రావి ఆకులు, చేప పొలుసులు, ఒకదానినొకటి ఖండించుకొనే వలయాలు చిత్రించడం ఆనాటి అలవాటు. హరప్పా, మొహెంజొదారోలలో ఏ మాదిరి పాత్రలు దొరికినవో, గుజరాత్‌లోని లోథల్, ధోలావీరాలలోనూ, రాజస్థాన్‌లోని కాలీబంగన్‌లోనూ ఆ మాదిరివే దొరికినవి. మొహెంజొదారోలో మట్టిని రాయివలె గట్టిపడేదాకా కాల్చి గాజులు చేసినవారున్నారు. ఆ గాజులను మూతవేసి ముద్రవేసిన మట్టిపెట్టెలలో ఉంచి కాల్చేవారు. పొగ, గాలి ఎంత తగలాలో అంతే తగిలేటట్లు చూసుకొన్న ఈ నేర్పు నాలుగు వేల యేండ్లకు పూర్వపుది.

తరువాత గంగా యమునా మైదానంలో బూడిదరంగు పాత్రపై సన్నని నల్లగీతలు గల చిత్రిత ధూసర మృణ్మయాలు వచ్చినవి. 1950-52 మధ్య హస్తినాపురంలో బి.బి. లాల్ జరిపిన తవ్వకాలతో ఇవి ప్రసిద్ధికెక్కినవి. వీటి వెనుకనే, ఇంచుమించు క్రీ.పూ. 700 నుండి 200 వరకు, అద్దంవలె మెరిసే నల్లని పాత్రలు వ్యాపించినవి. ఈ నల్లని పాత్రలకు పుట్టినిల్లు మధ్య గంగామైదానమని పండితులు భావిస్తున్నారు. అవి దొరికిన చోట్లను గుర్తుపెట్టుకొంటే వాయవ్యాన తక్షశిల, తూర్పున తామ్రలిప్తి, పడమట ప్రభాసపట్టణం, దక్షిణాన కృష్ణాతీరంలోని అమరావతి అందులో చేరుతున్నవి. మౌర్యుల ఆజ్ఞలు శిలలకెక్కిన కాలంలోనే, ఏ రాజాజ్ఞా లేకుండా వర్తకుల బండ్లమీద, బౌద్ధ భిక్షువుల దారులవెంట ఒక కంచం, ఒక గిన్నె ఇంత దూరం నడిచినవి.

దక్షిణాపథంలో మరొక పద్ధతి పెంపొందింది. రాక్షసగుళ్ళని తెలుగు పల్లెలలో చెప్పుకొనే బృహచ్ఛిలా సమాధులలో లోపల నలుపు, వెలుపల ఎరుపుగా ఉన్న పాత్రలు విరివిగా దొరుకుతున్నవి. రెండు రంగులు పూసినట్లు కనిపించినా ఇందులో పూత ఏమీ లేదు. పాత్రను ఊక వంటి పదార్థంలో బోర్లించి కాల్చితే, గాలి తగలని లోపలిభాగం, అంచు నల్లబడతవి. గాలి తగిలిన వెలుపలిభాగం ఎర్రబడుతుంది. మట్టిలోని ఇనుము చేసే మాయ ఇది. పుదుచ్చేరి సమీపాన అరికమేడులో 1945లో మార్టిమర్ వీలర్ జరిపిన తవ్వకాలలో ఇటలీనుండి వచ్చిన పాత్రలతోపాటు లోపల వలయాలుగా చుక్కలు చెక్కిన పళ్ళెములు కూడా బయటపడినవి. వీటిని కూడా తొలుత పాశ్చాత్యుల సరుకనుకొన్నారు. తరువాతి పరిశోధనలు ఇవి ఈ దేశపు మట్టితో ఈ దేశంలోనే తయారైనవని తేల్చినవి. ఇవి శ్రీలంకలోని అనురాధపురంలోనూ, ఇండోనేషియాలోని బాలి ద్వీపంలోనూ కూడా లభించినవి.

ఇంత నేర్పుగల దేశంలో గాజుపూత మాత్రం చాలాకాలం విస్తరించలేదు. ఇందుకు ఒక కారణం వాతావరణం. పూతలేని కుండ గోడలో సన్నని రంధ్రాలుంటవి. వాటిద్వారా నీరు చెమర్చి ఆవిరి అవుతూ లోపలి నీటిని చల్లబరుస్తుంది. ఎండదేశంలో ఈ గుణాన్ని గాజుపూతతో మూసివేయడానికి ఎవరికి మనసొప్పుతుంది? రెండవ కారణం ఆచారం. ఎంగిలి తగిలిన మట్టిపాత్ర కడిగినా శుద్ధికాదని, దానిని పారవేయవలసినదేనని నమ్మకం. శాశ్వతంగా ఉండవలసినదానికి ఇత్తడి, కంచు. నాలుగు రోజులు ఉండవలసినదానికి మట్టి. ఈ ఆచారం కుమ్మరికి ఏడాది పొడుగునా పని కల్పించింది. దానితోబాటు అతని పనికి విలువ లేకుండా కూడా చేసింది. పారవేసే వస్తువుకు ఎవరూ ఎక్కువ వెల ఇవ్వరు.

వెల ఇవ్వకపోయినా గౌరవం ఇవ్వలేదని చెప్పడానికి మాత్రం వీలులేదు. తెలుగునాట రామాయణం రచించిన మొల్ల కుమ్మరి కుటుంబంలో పుట్టినదని సంప్రదాయం. మహారాష్ట్ర వార్కరీ భక్తులలో గోరా కుంభార్ కుమ్మరి. తమిళదేశపు అరువదిముగ్గురు నాయనార్లలో తిరునీలకంఠ నాయనారు కుమ్మరి. తెలుగు కుమ్మరులు తమను శాలివాహనులని చెప్పుకొంటారు. గోదావరీతీరాన పైఠన్‌లో శాలివాహనుడు కుమ్మరి ఇంట పెరిగాడన్న కథ దానికి మూలం. మూడు భాషలవారు ఒకే వృత్తివారిలో కవినీ, భక్తులనూ, రాజునూ చూసుకొన్నారు.

గాజుపూత ఈ దేశంలో విరివిగా ప్రవేశించినది సుల్తానుల కాలంలో. పారశీక, మధ్య ఆసియా దేశాలనుండి వచ్చిన ఈ విద్య మొదట తినే పాత్రలకంటె కట్టడాల గోడలను ఎక్కువగా ఆశ్రయించింది. 1472లో బీదరులో మహమూద్ గవాన్ కట్టించిన మదరసా ముఖభాగంపై రంగుపలకల శేషాలు నేటికీ ఉన్నవి. గ్వాలియరు కోటలో మాన్‌సింగ్ తోమర్ (1486-1516) కట్టించిన మందిరం నీలి, పసుపు, ఆకుపచ్చ పలకలతో, వరుసగా నడిచే బాతుల చిత్రాలతో కళకళలాడుతుంది. ఒకరు బహమనీ మంత్రి, మరొకరు రాజపుత్ర ప్రభువు. ఒకే విద్య ఇద్దరి గోడలనూ అలంకరించింది. హైదరాబాదులో మహమ్మద్ కులీ కుతుబ్ షా కాలపు బాద్‌షాహీ ఆషూర్‌ఖానా లోపలి గోడలపై 17వ శతాబ్ది ఆరంభంలో అమర్చిన రంగుపలకల పని దక్కనులో చూడదగినవాటిలో ఒకటి. 1908లో మూసీ వరద అక్కడి గోడలలో నీరు చేరినంతమేర పలకలను పాడుచేసింది. పోయినచోట తరువాత రంగులతో పూరించారు. శ్రద్ధగా చూచేవారికి ఏది పలకో, ఏది రంగో తెలియకపోదు.

పాత్రలలో ఈ విద్యకు ప్రసిద్ధ నివాసం జైపూరు. అక్కడి నీలిపాత్రలో మట్టి ప్రధానం కానే కాదు. పలుగురాతి పొడి, గాజుపొడి, కొద్దిగా ముల్తానీమట్టి, టంకణం, జిగురు కలిపి ముద్ద చేస్తారు. ఆ ముద్ద సారెమీద లేవదు. అందుచేత అచ్చులో ఒత్తుతారు. నీలానికి కోబాల్టు, ఆకాశవర్ణానికి రాగి లవణం వాడతారు. రెండవ సవాయి రామ్‌సింగ్ 19వ శతాబ్దిలో కళాశాల స్థాపించి ఈ పనికి ఆశ్రయమిచ్చాడు. 1950 ప్రాంతానికి ఇది దాదాపు కొడిగట్టింది. శాంతినికేతనంలో చిత్రకళ అభ్యసించిన కృపాల్‌సింగ్ శెఖావత్ దీనిని తిరిగి నిలబెట్టినాడు. కమలాదేవి ఛటోపాధ్యాయ అందించిన ప్రోత్సాహం ఇందుకు తోడ్పడింది. కృపాల్‌సింగ్‌కు 1974లో పద్మశ్రీ లభించింది. ఈ పునరుద్ధరణలో గమనించదగిన విశేషమేమంటే, ఆయన వృత్తికి కుమ్మరి కాడు, చిత్రకారుడు. ఆయన దగ్గర నేర్చి జీవనోపాధి పొందినవారు అనేకులు.

నిజామాబాద్ అనగానే తెలుగువారికి తమ జిల్లా స్ఫురిస్తుంది. కాని మృణ్మయాలకు పేరుపొందిన నిజామాబాద్ ఉత్తరప్రదేశ్‌లోని ఆజంగఢ్ జిల్లాలోనిది. అక్కడి నల్లకుండ పొగలో నల్లబడుతుంది, ఆవనూనెతో మెరుగెక్కుతుంది. పచ్చిగా ఉన్నప్పుడే పుల్లతో చెక్కిన తీగెలలో, కాలిన తరువాత పాదరసం, జింకు కలిసిన వెండిరంగు ముద్దను నింపుతారు. బీదరు బిద్రీ పాత్రలను చూచినవారికి ఇది వెంటనే ఆ పనిని జ్ఞప్తికి తెస్తుంది. ఆ వెండిరంగు ముద్దలోని పాదరసం పనివారి ఊపిరికి మంచిది కాదు. అందాన్ని మెచ్చుకొనేవారు ఈ మాట కూడా తలచవలసి ఉన్నది.

ఇంతవరకు చెప్పినది సారె కథ. సారె లేని కుండల కథ వేరు. దేశంలో చాలాచోట్ల స్త్రీ సారెను ముట్టరాదన్న కట్టుబాటు ఉన్నది. ఆమె మట్టి తొక్కుతుంది, ముద్ద పిసుకుతుంది, రంగు పూస్తుంది, సంతకు మోస్తుంది. సారె ముందు మాత్రం కూర్చోదు. కచ్ఛ్ లోని ఖావ్డాలో పాత్రను పురుషుడు లేపితే దానిపై గీతలు, చుక్కలు దిద్దేది స్త్రీ. ఈశాన్యంలో పరిస్థితి తారుమారు. మణిపూరులోని ఆండ్రో గ్రామంలో కుండలు చేసేది వివాహిత స్త్రీలు. బ్రహ్మపుత్ర మధ్యనున్న మాజులీ ద్వీపంలో సల్‌మోరా గ్రామ స్త్రీలు సారె లేకుండానే చేతితో పాత్రను లేపుతారు. పురుషులు నదీగర్భపు ఒడ్డున లోతుగా తవ్వి మట్టి తెస్తారు, కాల్చిన కుండలను పడవలలో వేసుకొని ఊరూరా తిప్పుతారు. చాలాకాలం అక్కడ కుండకు మారకం ధాన్యమే. ఉఖ్రూల్ జిల్లాలోని లోంగ్పీలో తంగ్ఖుల్ నాగాలు ఒక నల్లని రాతిని పొడిచేసి గోధుమరంగు మట్టితో కలుపుతారు. ముద్దను చేతితోనూ, అచ్చులతోనూ పాత్రగా మలచి, బయలు మంటలో కాల్చి, వేడి తగ్గకముందే ఒక చెట్టు ఆకులతో రుద్దుతారు. నల్లని మెరుగు అట్లా వస్తుంది. పొయ్యిమీద నేరుగా పెట్టగల ఈ పాత్రలకు నేడు ఢిల్లీ, ముంబయి అంగళ్ళలో మంచి గిరాకి ఉన్నది.

దేవుని కోసం కాల్చిన మట్టి మరొక అధ్యాయం. రాజస్థాన్‌లోని మొలేలా కుమ్మరులు గాడిదపేడ కలిపిన మట్టితో దేవతల పలకలు చేస్తారు. వాటికోసం భిల్లులు, మీణాలు, గరాసియాలు రాజస్థాన్‌నుండేకాక గుజరాత్, మధ్యప్రదేశ్‌లనుండి కూడా నడిచి వస్తారు; భోపా అనే పూజారి వెంట ఉండి ఎంపిక చేస్తాడు. బెంగాల్‌లోని పాంచ్‌మురా గుర్రం అఖిలభారత హస్తకళల బోర్డుకు చిహ్నమై దేశమంతటా పరిచయమైనది. దాని మెడ, కాళ్ళు, ఒడలు విడివిడిగా సారెమీద తీసి అతికించినవే. తమిళనాడులో అయ్యనారు గుడి ముందు నిలబెట్టే మట్టిగుర్రాలు మనిషిని మించిన ఎత్తుంటవి. వాటిని చేసే వేళార్లు చాలాచోట్ల ఆ గుడికి పూజారులు కూడా.

ఆధునిక కాలపు దెబ్బ కుమ్మరికి మూడు వైపులనుండి తగిలింది. 1865లో బాసెల్ మిషనువారు మంగుళూరులో పెంకుల కర్మాగారం పెట్టినారు. సారెమీద గొట్టంగా తీసి నిలువునా చీల్చిన నాటుపెంకుల స్థానాన్ని, ఒకదానిలో ఒకటి ఇమిడే యంత్రపు పెంకులు క్రమంగా ఆక్రమించినవి. 1898లో మద్రాసులోని కళాశాలలో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ అల్యూమినియం పాత్రల తయారీ ఆరంభించినాడు. 1850లో అలెగ్జాండర్ హంటర్ స్థాపించి, మట్టిపనిపై ప్రయోగాలు చేయించినది ఆ కళాశాలనే. వంటకుండకు పోటీ అక్కడినుండే బయలుదేరడం చరిత్ర విచిత్రం. పగలని, తేలికైన, చవకైన గిన్నె దొరికినప్పుడు పేదయింటి ఇల్లాలు దానిని కొనడంలో తప్పులేదు. మూడవది ప్లాస్టిక్ బిందె. దాని రాకతో నీళ్ళకడవ కూడా చంకదిగింది.

పరిశ్రమ మాత్రం పెరిగింది. స్వదేశీ ఉద్యమకాలంలో కలకత్తాలో పింగాణి కర్మాగారం వెలసింది. 1950లో అక్కడ కేంద్ర గాజు, పింగాణి పరిశోధన సంస్థ లాంఛనంగా ప్రారంభమయింది. ఉత్తరప్రదేశ్‌లోని ఖుర్జా, రెండవ ప్రపంచయుద్ధకాలంలో ఆసుపత్రి పాత్రల కొరతవల్ల కొత్త ఊపు అందుకొని, కప్పులకూ సాసర్లకూ దేశమంతటికీ పేరుపొందింది. తెలుగింటి అటకమీది ఆవకాయ జాడీ కూడా ఈ పారిశ్రామిక సంతతిదే. 1200 డిగ్రీల సెంటిగ్రేడుకు పైగా కాలి రాయివలె బిగిసిన గోడ, దానిపై గాజుపూత ఉండబట్టే ఉప్పుకారాలు, పులుపు దానినేమీ చేయలేవు. గుజరాత్‌లోని మోర్బీ టైళ్ళకు పెట్టినది పేరు. టైళ్ళ ఉత్పత్తిలో భారత్ చైనా తరువాత నిలుస్తున్నది. అక్కడ బొగ్గువాయువు వాడే యంత్రాలను 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ మూయించగా, కర్మాగారాలు సహజవాయువుకు మళ్ళినవి. రాతిపొడి పీల్చి ఊపిరితిత్తులు గట్టిపడే వ్యాధి మాత్రం అటువంటి ఒక్క ఉత్తర్వుతో పోయేది కాదు.

పరిశ్రమకు ఒక పక్కగా, కళాకారుని స్వంత బట్టీ అనే కొత్త సంప్రదాయం పుట్టింది. సర్దార్ గురుచరణ్‌సింగ్ (1898-1995) యౌవనంలో జపాన్ వెళ్ళి అక్కడి కుమ్మరుల వద్ద నేర్చినాడు. ఢిల్లీలో పఠాను కుమ్మరుల నీలిపూత రహస్యాన్నీ గ్రహించినాడు. ఆయన స్థాపించిన ఢిల్లీ బ్లూ పాటరీ ఒక తరం కళాకారులను తీర్చిదిద్దింది. 1971లో రే మీకర్, డెబొరా స్మిత్ అనే అమెరికన్ దంపతులు పుదుచ్చేరిలో నెలకొల్పిన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ మరొక గురుకులమయింది. 2018లో జైపూరులో తొలి భారతీయ సిరామిక్స్ త్రైవార్షిక ప్రదర్శన జరిగేనాటికి ఈ శాఖకు ప్రపంచంలో గుర్తింపు వచ్చింది.

ఈ మూడు శాఖలూ, గ్రామపు ఆవం, కర్మాగారపు బట్టీ, కళాకారుని బట్టీ, ఒకదానితో ఒకటి మాట్లాడుకొన్న సందర్భాలు తక్కువ. తరతరాల చేతినేర్పు ఉన్నచోట బడిచదువు లేదు. రసాయనశాస్త్రం తెలిసినచోట ఆ చేయి లేదు. ఊరి ఆవంలో వేడి సాధారణంగా 700 నుండి 900 డిగ్రీల వరకే పోతుంది. ఆ వేడికి కరిగేది, సీసం కలియనిది, ఊరి మట్టికి పొసగేది అయిన గాజుపూత కుమ్మరివాడకు అందితే అతని కుండ కంచమవుతుంది, కూరగిన్నె అవుతుంది. ఇటువంటి చిన్న పనికి ప్రయోగశాలల్లో పెద్దపీట దొరకలేదు.

సాయం చేయదలచినప్పుడు కూడా తొందరపాటు జరిగింది. 2004లో రైళ్ళలో టీకి మట్టిముంతలు వాడాలని రైల్వేశాఖ తలపెట్టింది. ఉద్దేశం మంచిదే. ముంతల సేకరణకు, రవాణాకు, నిలవకు ఏర్పాటు చాలలేదు. కొద్దికాలానికి కాగితపు, ప్లాస్టిక్ కప్పులే తిరిగి వచ్చినవి. ఒకసారి తాగి పారవేసే ముంతకు ఎంత సారవంతమైన మట్టి, ఎంత వంటచెరకు ఖర్చవుతుందన్న ప్రశ్న కూడా ఉండనే ఉన్నది. 2018లో ఖాదీ గ్రామోద్యోగ సంఘం ఆరంభించిన పథకం కింద విద్యుత్తుతో తిరిగే సారెలు పంచుతున్నారు. కర్రతో సారె తిప్పి తిప్పి నడుము పోయిన కుమ్మరికి ఇది నిజమైన మేలు. స్త్రీలు సారె ముందు కూర్చొనడానికి కూడా ఇది అనేకచోట్ల దారితీసింది. పాత కట్టుబాటు కర్రతో తిప్పే సారెకు సంబంధించినదే కాని మీట నొక్కితే తిరిగేదానికి వర్తించదని పెద్దలు సర్దుకొన్నట్లున్నది!

అయితే సారె వేగం పెరిగినంతమాత్రాన మట్టి దొరకదు. పూర్వం ఊరి చెరువులో ఎండాకాలం కుమ్మరి తనకు కావలసిన మట్టిని అడగకుండా తెచ్చుకొనేవాడు. నేడు చెరువు శిఖం ఆక్రమణలపాలు, మిగిలిన మట్టి ఇటుకబట్టీల పాలు అవుతున్నది. తెలుగునాట పెండ్లికి ఐరేని కుండలు కావాలి. మేళతాళాలతో కుమ్మరి ఇంటికి వెళ్ళి, సున్నం, జాజుతో అలంకరించిన కుండలను తెచ్చుకొంటారు. ఆషాఢంలో బోనాలకు కొత్త కుండ కావాలి. కార్తికంలో ప్రమిదలు కావాలి. ఆ నాలుగు రోజుల గిరాకి తీరిన తరువాత కుమ్మరి యువకుడు పట్టణానికి కూలికి పోతున్నాడు. వేసవి వస్తే చెరువులలో పూడిక తీసే పనులు ఏటా ఎక్కడో ఒకచోట జరుగుతూనే ఉన్నవి. తీసిన మట్టి లారీలకెక్కి పోతున్నది. అందులో కుండకు పనికివచ్చే జిగటమట్టి పొర ఏదో ఊరి కుమ్మరి చూపించగలడు. దానిని వేరుగా పోయించి కుమ్మరివాడ చివర కుప్పవేయించడానికి పెద్ద పథకం అక్కరలేదు. పని మొదలయ్యే ఉదయం అతనిని గట్టుమీదికి పిలిస్తే చాలు.